అరండల్‌పేటలో జెర్సీలు కుట్టే భాయ్ షాపు: మా స్కూలు పిల్లల రెండు సెట్ల సంగతి

గుంటూరులో స్కూలు జట్టుకు జెర్సీలు కావాలంటే మా పీఈటీలం చాలామంది చేసే పని ఒకటే. ఏదో ఒక షాపులో రెడీమేడ్ టీషర్టులు తీసుకుని, వెనక నంబర్లు అతికించుకుని వచ్చేస్తాం. నాలుగు ఉతుకులు పడ్డాయంటే నంబరు అంచులు లేస్తాయి. ఇంకొన్నాళ్ళకు 8 కాస్తా 3 అవుతుంది. గ్రౌండు పక్కన స్కోరు రాసేవాడు తలపట్టుకుంటాడు. పోయినేడాది ఒకచోట తీసుకున్న సెట్టుకు అచ్చం ఇదే జరిగింది. అందుకని ఈసారి అరండల్‌పేటలో, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి పోయే ఒక లైన్లో ఉన్న చిన్న షాపులో కుట్టించాను. జట్టుకు జెర్సీలు చేయించాలనుకునే మాస్టర్లకూ, కోచ్‌లకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

షాపు బయట బోర్డు మామూలు టైలరింగ్ షాపుదే. లోపల రెండు కుట్టు మిషన్లు, ఒక ప్రింటరు, గుడ్డను వేడితో నొక్కే హీట్ ప్రెస్ ఒకటి, గోడకు చిన్న టీవీ ఉన్నాయి. నడిపేది ఒక భాయ్, సాయానికి ఆయన బావమరిది. భాయ్ చాలా ఏళ్ళు కువైట్‌లో టైలరుగా చేసి వచ్చారు. అక్కడ రూములో తోటివాళ్ళతో కలిసి మ్యాచులు చూడటం అలవాటైందట. అందులోనూ పోర్చుగల్ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. లిస్బన్‌లో ఏ వారం ఏ జట్టు ఎవరితో ఆడిందో, ఎవరు గోలు కొట్టారో కత్తెర ఆడిస్తూనే చెప్తారు.

మా గ్రౌండులో పిల్లలు రోజూ రెండు జట్లుగా విడిపోయి ఆడతారు కాబట్టి రెండు సెట్లు అడిగాను. ఒకటి స్పోర్టింగ్ లిస్బన్ ఆకుపచ్చ, తెలుపు అడ్డ చారలు. రెండోది బెన్ఫికా ఎరుపు. డబ్బులు మా పాత విద్యార్థులు వేసుకున్నారు. 2024-25 సీజన్ అంతా లిస్బన్ ఊరివే అయిన ఈ రెండు క్లబ్బులూ ఒకదాన్నొకటి వదలకుండా పరుగెత్తాయి. నాకు ఆ పోటీ మొత్తం పిల్లల ఒంటి మీద చూడాలనిపించింది.

పేర్లు ఎంచుకునే రోజు పిల్లల్ని షాపుకే తీసుకెళ్ళాను. అందరూ రొనాల్డో 7 అడిగారు. భాయ్ ఎవర్నీ కసరలేదు. "రొనాల్డో ఈ చొక్కాలో ఆడింది ఎప్పుడో నాన్నా. పద్దెనిమిదేళ్ళకే స్పోర్టింగ్ నుంచి మాంచెస్టర్ వెళ్ళిపోయాడు. ఈ ఏడు ఈ చొక్కాలో కష్టపడినవాళ్ళెవరో చెప్తా, ఆ తర్వాత ఎంచుకోండి" అని స్టూలు మీద కూర్చున్నారు.

2024 ఆగస్టులో పోర్చుగల్ సూపర్ కప్ ఫైనల్లో పోర్టో క్లబ్బు మీద 3-0 ముందుండి కూడా స్పోర్టింగ్ 4-3తో ఓడింది. అలా మొదలైన జట్టు లీగులో వరసగా పదకొండు మ్యాచులు గెలిచింది. నవంబరు 5న సొంత గ్రౌండులో మాంచెస్టర్ సిటీని 4-1తో కొట్టింది, అందులో మూడు గోల్స్ స్ట్రైకర్ యోకెరెస్‌వి. సరిగ్గా అప్పుడే కోచ్ రూబెన్ అమోరిమ్ మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చిన జొవావ్ పెరేరా హయాంలో ఆర్సెనల్ చేతిలో 5-1, తర్వాత లీగులో సాంటా క్లారా చేతిలో, మొరెయిరెన్స్ చేతిలో ఓటములు. డిసెంబరు ఆఖరుకు ఆయన్నీ మార్చి రుయి బోర్జెస్‌ను తెచ్చారు. ఆయన మొదటి మ్యాచే బెన్ఫికాతో. జెనీ కతామో గోలుతో 1-0 గెలిచారు.

"ఒక్క సీజన్లో ముగ్గురు కోచ్‌లా?" అని మా పిల్లాడొకడు నా వైపు చూశాడు. నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఆట నేర్పుతున్నాను. కోచ్ మారితే జట్టు ఎంత చెదిరిపోతుందో దగ్గరుండి చూశాను. అందుకే ఆ సీజన్లో నాకు అన్నిటికంటే నచ్చింది జనవరి నుంచి మే దాకా స్పోర్టింగ్ ఆటగాళ్ళు చేసిన పని. రుయి బోర్జెస్ వచ్చీ రాగానే తన పద్ధతి రుద్ది కూర్చోకుండా, వాళ్ళకు అలవాటైన ఆటకు తిరిగి దారిచ్చాడని నా అభిప్రాయం.

మే 10న బెన్ఫికా గ్రౌండులో రెండు జట్లూ 1-1తో ఆగాయి, పాయింట్లు కూడా సమానం. చివరి రోజు మే 17న స్పోర్టింగ్ విటోరియా గిమరాయిష్ మీద 2-0 గెలిచింది, బెన్ఫికా బ్రాగాలో 1-1 దగ్గర ఆగిపోయింది. 82 పాయింట్లు, 80 పాయింట్లు. స్పోర్టింగ్ వరసగా రెండేళ్ళు లీగు గెలవడం 1954 తర్వాత అదే మొదటిసారి. ఎనిమిది రోజులకే పోర్చుగల్ కప్ ఫైనల్లో మళ్ళీ ఆ రెండే. బెన్ఫికా ఆఖరి నిమిషాల దాకా 1-0 ముందుంది. ఇంజురీ టైమ్ కూడా అయిపోవస్తుండగా యోకెరెస్ పెనాల్టీతో సమం చేశాడు. అదనపు సమయంలో స్పోర్టింగ్ ఆటగాళ్ళు హార్డర్, ట్రింకావ్ కొట్టి 3-1 చేశారు. భాయ్ ఆ పెనాల్టీ సంగతి చెప్తుంటే బావమరిది మిషను ఆపేశాడు.

లీగులో యోకెరెస్ కొట్టినవి 39 గోల్స్ అనగానే 9వ నంబరు కోసం గొడవ. చీటీలు వేయాల్సి వచ్చింది. ఎరుపు సెట్టులో డి మరియా 11 పోయింది, ఒటమెండి 30 మా డిఫెండరుకు, పావ్లిడిస్ 14 ఇంకొకడికి. అన్నిటికంటే చిన్నపిల్లాడు ఆక్టుర్కోగ్లు 17 కావాలన్నాడు. వాడి సైజు 28. పేరు భుజం నుంచి భుజం దాకా పట్టడం లేదు. భాయ్ అక్షరాల వెడల్పు తగ్గించి, మధ్య ఎడం సరిచేసి, కాగితం మీద ప్రింటు తీసి వాడి వీపు మీద పెట్టి చూసుకున్నారు. పిన్నులు గుచ్చి కూడా ఒకసారి చూశారు. ఒక్క జెర్సీ కోసం అరగంట పట్టింది.

ఇక్కడే ఈ షాపు మిగతావాటికి భిన్నం. ప్రతి పిల్లవాడూ తన పేరు కాగితం మీద చూసి, అక్షరం అక్షరం చదివి, కింద సంతకం పెట్టాలి. ఆ తర్వాతే ప్రింటింగ్. మొదటి ప్రూఫులో యోకెరెస్ పేరులో ఓ మీద రెండు చుక్కలు రాలేదు. 9వ నంబరు దక్కిన వాడే కనిపెట్టాడు. ఆ అక్షరాలు ఆయన దగ్గరున్న ఫాంటులో లేవట. చుక్కలు, ట్రింకావ్ పేరులో ఏ మీద గీత, అన్నీ కూర్చుని గీసి కలిపారు. దానికి అదనంగా పైసా తీసుకోలేదు.

ఇక పని విషయానికొస్తాను. ఇక్కడ నంబర్లు అతికించరు. సబ్లిమేషన్ చేస్తారు. డిజైను మొత్తం కాగితం మీద తిరగేసి ప్రింటు చేసి, తెల్లటి పాలిస్టర్ గుడ్డ మీద పరిచి, రెండు వందల డిగ్రీల వేడి మీద నొక్కుతారు. రంగు ఆవిరై దారంలోకి పోతుంది. లేవడం, పగలడం ఉండదు. గుడ్డ సన్న రంధ్రాలున్నది, మన ఎండకు పర్వాలేదు. మూడు నెలలుగా వారానికి రెండు మూడుసార్లు ఉతుకుతున్నాం, రంగు మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. క్లబ్బుల సింహం, గద్ద గుర్తులు మాత్రం వేయనన్నారు. "అవి వాళ్ళవి మాస్టారూ, మనకు మన బడి గుర్తు ఉందిగా" అని గుండె మీద మా స్కూలు బ్యాడ్జి వేశారు. ఒక్కోటి పేరు, నంబరుతో కలిపి 420 రూపాయలు పడింది.

లోపాలూ చెప్పాలి. అడ్డ చారల జెర్సీకి ముందు ముక్క, వెనక ముక్క విడిగా ప్రింటవుతాయి. పక్క కుట్టు దగ్గర ఆకుపచ్చ చార ఆకుపచ్చకే కలవాలి. మాకిచ్చిన వాటిలో కొన్నిటికి చార అరంగుళం కిందికి జారింది. చేతులెత్తితే మెట్టులా కనిపిస్తుంది. చూపించగానే భాయ్ వాదించలేదు, కుట్లు విప్పి మళ్ళీ కలిపి ఇచ్చారు. కానీ విప్పి కుట్టడంలో రెండు జెర్సీలు నడుం దగ్గర బిగుతయ్యాయి. వాటిని మళ్ళీ కొత్తగా చేయించాల్సి వచ్చింది, ఆయన ఖర్చుతోనే. ఇచ్చిన తేదీ వారం పైన దాటింది. ఆగస్టు 15 టోర్నమెంట్ల సీజను కదా, ఫోను కూడా ఎత్తరు. పిల్లలు రోజూ "వచ్చాయా సార్?" అని అడుగుతుంటే నాకు టెన్షన్. తొందరగా కావాలంటే జూన్‌లోనే ఆర్డరివ్వండి.

ఈ రెండు సెట్లు కాక విడిగా రెండు చేయించాను. ఒకటి మా గోల్‌కీపరుకు, పోర్చుగల్ గోల్‌కీపరు డియోగో కోస్టా పేరుతో. 2025 జూన్ 8న మ్యూనిక్‌లో యూరప్ దేశాల జట్లు ఆడే నేషన్స్ లీగ్ ఫైనల్. మనకు అర్ధరాత్రి దాటింది. పోర్చుగల్‌కు స్పెయిన్‌తో 2-2. పెనాల్టీల్లో మొరాటా కొట్టినదాన్ని డియోగో కోస్టా ఆపాడు, చివరిది రూబెన్ నెవెస్ కొట్టాడు, 5-3. నలభయ్యేళ్ళ రొనాల్డో బెంచీ దగ్గర ఏడ్చాడు. ఆ కప్పుకు దారి వేసింది మాత్రం మార్చిలో డెన్మార్క్ మ్యాచే. ఆట ఆఖర్లో దిగిన ట్రింకావ్ రెండు గోల్స్ కొట్టకపోతే పోర్చుగల్ మ్యూనిక్ దాకా వెళ్ళేదే కాదు. మా జట్టులో ఎప్పుడూ బెంచీ మీదే కూర్చునే పిల్లాడు ఆ సంగతి విన్నాక ఇంకో పేరు అడగలేదు, ట్రింకావే కావాలన్నాడు.

రెండోది మా కెప్టెనుకు, పోర్చుగల్ ఎరుపులో 21, డియోగో జోటా. కప్పు గెలిచి నెల తిరక్కుండానే, జూలై 3న, స్పెయిన్‌లో కారు ప్రమాదంలో జోటా, తమ్ముడు ఆండ్రె సిల్వా పోయారు. జోటాకు 28 ఏళ్ళు. పెళ్ళయి రెండు వారాలు కాలేదు. అమెరికాలో మ్యాచ్ ఆడి వచ్చిన రూబెన్ నెవెస్ పోర్చుగల్‌లోని గొందోమార్‌లో శవపేటిక మోశాడు. మా కెప్టెన్ ఆ జెర్సీ తన డబ్బులతో చేయించుకుంటానని దాచుకున్నవి తెచ్చాడు. భాయ్ లెక్కపెట్టి, మడిచి, వాడి జేబులోనే పెట్టేశారు. ఆ జెర్సీకి బిల్లు నాకూ వేయలేదు. కుట్టు కూడా బావమరిదికి ఇవ్వకుండా తనే కూర్చుని కుట్టారు. పక్క కుట్లు, మెడ పట్టీ, ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

వెళ్ళేవాళ్ళు పిల్లల ఛాతీ కొలతలు రాసుకుని వెళ్ళండి, వయసు చెప్తే సరిపోదు. వాళ్ళ సైజులు బయటివాటికంటే అంగుళం తక్కువగా వస్తాయి. అడ్డ చారలైతే తీసుకునే ముందు పక్క కుట్లు తిప్పి చూసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం షాపు మూసి ఉంటుంది. పదికి తక్కువైతే సబ్లిమేషన్ ధర పెరుగుతుంది.

వచ్చే ఏడాది అమ్మాయిల జట్టుకు పోర్టో నీలం, తెలుపు నిలువు చారలు అడిగాను. నిలువు చారలకైతే పక్క కుట్టు దగ్గర ఇబ్బంది ఉండదన్నారు భాయ్. మెడ దగ్గర గుండీ వద్దని పిల్లలు చెప్పారు, అది కూడా రాసుకున్నారు. అడ్వాన్సు ఇచ్చేశాను.