పడమర ముఖం ఇంటికి ఆర్కిటెక్ట్‌ని పెట్టుకున్నాం, ఎలా ఉందంటే

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా 200 గజాల ప్లాటులో ఇల్లు కట్టించి రెండు వేసవులు గడిచాయి, కాబట్టి ఇప్పుడు రాయొచ్చు. డిజైన్ చేసింది సిటీలోనే ఒక చిన్న ఆఫీసు, ఆర్కిటెక్ట్ మేడమ్, ఇద్దరు అసిస్టెంట్లు.

మొదటి రోజు నేను ఫోన్లో ఫార్న్స్‌వర్త్ హౌస్ ఫొటోలు చూపించాను. అమెరికాలో మీస్ వాన్ డెర్ రో అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఇల్లు, 1951లో పూర్తయింది, నాలుగు వైపులా అద్దమే. హాలుకి పడమర వైపు అలాంటి అద్దం గోడ కావాలన్నాను. మేడమ్ కాదనలేదు, ఏప్రిల్లో సాయంత్రం నాలుగింటికి ప్లాటు దగ్గరికి రమ్మని ఎండకు ఎదురుగా పది నిమిషాలు నిలబెట్టారు. అద్దం మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత లె కార్బూజియే అనే ఇంకో పేరున్న ఆర్కిటెక్ట్ ఇళ్ల ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టి చూపించారు, నాకు బాగా నచ్చిన పని ఇది. పారిస్ దగ్గర 1931లో పూర్తయిన విల్లా సవోయ్‌లో కింద పిల్లర్లు (మన స్టిల్ట్ పార్కింగ్ లాగే), బరువంతా వాటి మీదే కాబట్టి లోపలి గోడలు ఎక్కడ కావాలంటే అక్కడ, ఈ చివర నుంచి ఆ చివరకి కిటికీల వరుస, కానీ కిటికీకి సజ్జా లేదు. అదే మనిషి 1956లో అహ్మదాబాద్‌లో విల్లా శోధన్ కట్టేసరికి కిటికీలు లోపలికి జరిగాయి, ముందు లోతైన కాంక్రీటు గళ్లు వచ్చాయి, డాబా పైన గొడుగులా ఇంకో స్లాబ్, ఆ మధ్యలోంచి గాలి. మన ఎండకు పనికొచ్చేది ఈ రెండోదే.

మా ఇంటికి పడమర గోడకు మూడడుగుల ముందు ఇటుక జాలీ (మధ్యలో సందులు వదిలి కట్టిన గోడ) పెట్టారు, వెనక సిట్‌అవుట్, ఆ వెనక హాలు కిటికీలు. వానాకాలం గాలి ఎక్కువగా పడమర నుంచే, అది జాలీ సందుల్లోంచి వస్తుంది, ఎండ మాత్రం ఆగుతుంది. మే నెలలో సాయంత్రం జాలీ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, లోపలి గోడ మామూలుగా ఉంటుంది. అమ్మ మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని కూరలు తరుగుతుంది. దుమ్ము మాత్రం బాగా పడుతుంది, పావురాలకు వల కొట్టించాల్సి వచ్చింది.

డ్రాయింగులకు వంక పెట్టలేను, సైటు విజిట్ల దగ్గరే నిరాశపడ్డాను. వారానికోసారి వస్తామన్నవాళ్లు స్లాబ్ అయ్యాక నెలకోసారి కూడా రాలేదు. డాబాకి డ్రాయింగులో ఇచ్చిన వాటం (నీళ్లు జారిపోయే వాలు) మేస్త్రీ సరిగ్గా పెట్టలేదు, ఆరోజు చూసేవాళ్లు లేరు, మొదటి వానకే పిట్టగోడ మూల కారి హాలు సీలింగ్ తడిసింది. విల్లా సవోయ్ డాబా కూడా కారేది, ఓనరమ్మ కార్బూజియేకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసిందట, ఆవిడ బాధ నాకు బాగా అర్థమైంది. ఫోన్ చేసిన మర్నాడే మేడమ్ వచ్చి, దగ్గరుండి మళ్లీ వేయించారు, ఖర్చు చెరి సగం పెట్టుకున్నాం. ఈ వానాకాలం చుక్క కారలేదు.

డిజైన్ కోసమైతే మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్తాను, కానీ స్లాబ్ రోజూ, వాటర్ ప్రూఫింగ్ రోజూ ఆర్కిటెక్టే స్వయంగా సైట్లో ఉండాలని అగ్రిమెంట్లో రాయించుకుంటాను.