తుపాను ఇన్‌పుట్ సబ్సిడీ: నా మార్కులు ఐదుకి రెండున్నర

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేసరికి మా మూడెకరాల వరి కోసి పనల మీద ఉంది. నాలుగు రోజులు నీళ్లలో నానింది, పన తిప్పి చూస్తే కంకి మీదే మొలకలు. అప్పుడు ప్రభుత్వం ఇచ్చిన సాయం ఎలా ఉందని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. అందరూ దీన్ని నష్టపరిహారం అంటారు గానీ కాదు, మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కోవడానికి ఇచ్చే సబ్సిడీ. అప్పట్లో నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకి 17,000, అంటే ఎకరానికి 6,800. పంట 33 శాతమన్నా పోయి ఉండాలి, రెండు హెక్టార్ల వరకే ఇస్తారు. నాకు కోత కూలీకీ, తడిసిన పనలు గట్టు మీదికి మోయించడానికీ అంతకంటే ఎక్కువే అయింది.

మెచ్చుకోవాల్సింది లేకపోలేదు. ఎవరి చేయీ తడపలేదు, డబ్బు నేరుగా ఖాతాలో పడింది. వ్యవసాయ అసిస్టెంట్ అమ్మాయి మోకాలి లోతు బురదలో దిగి ఫోటోలు తీసుకుంది, ఆమెకి ఐదుకి ఐదు. జాబితా కూడా రైతు భరోసా కేంద్రం (ఇప్పుడు రైతు సేవా కేంద్రం) గోడకి అంటించారు.

అది చదివాకే టెన్షన్ మొదలైంది. నా సొంత ఎకరం ఉంది, కౌలుకి చేసిన రెండెకరాలకి నా పేరు లేదు. ఈ-క్రాప్‌లో (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ప్రభుత్వ నమోదు) ఎవరి పేరుంటే సాయం వాళ్లకే. కౌలు రైతుకి కార్డు ఇస్తారు కానీ 2019 చట్టం ప్రకారం దానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, నాకు బావ వరస. కార్డు పదకొండు నెలలకే, పొలం మీద నాకు ఏ హక్కూ రాదని ఎంత చెప్పినా సంతకం పెట్టలేదు, చివరికి ఈ-క్రాప్ ఆయన పేరునే అయింది, 13,600 ఆయన ఖాతాలో పడ్డాయి. అడిగితే "చూద్దాంలే బామ్మర్దీ" అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు. కౌలు బస్తాల్లో మాత్రం ఒక్కటీ తగ్గలేదు.

మా బాబాయిది ఇంకో కథ. కొట్టం గోడ కూలి పాడిగేదె చచ్చిపోయింది. దానికి అప్పట్లో 37,500 ఇచ్చేవాళ్లు, ఎకరం వరి కంటే ఎంతో నయం. వాసనొస్తుందని మర్నాడే పూడ్చేశాడు, ఫోటో కూడా తీయలేదు. పశువుల డాక్టరు పోస్టుమార్టం చేసి కాగితం ఇస్తేనే గానీ డబ్బు రాదట. పిన్ని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఇక నాకు బాగా కోపం తెప్పించింది ఆలస్యం. డబ్బు పడింది మార్చిలో, అప్పటికి వరి తర్వాత వేసిన మొక్కజొన్న కంకి వేస్తోంది, విత్తనం, యూరియా అన్నీ వడ్డీకి తెచ్చిన డబ్బుతోనే కొన్నా. ఇన్‌పుట్ కోసమని ఇచ్చింది అప్పు వడ్డీకి పోయింది.

ఈ-క్రాప్‌లో వేలిముద్ర వేశాక రసీదు అడిగి తీసుకోండి. ఖాతాకి ఆధార్ లింకయిందో లేదో బ్యాంకులో ముందే కనుక్కోండి, మా వీధిలో ఇద్దరి డబ్బులు అక్కడే ఆగాయి. గొడ్డు చస్తే డాక్టరు వచ్చేదాకా పూడ్చకండి. నేనైతే బావ రెండెకరాలు వదిలేసి, కార్డు మీద సంతకం పెట్టే ఆసామి దగ్గర ఎకరంన్నర పట్టాను.