వర్చువల్‌బాక్స్ క్లోజ్ బాక్స్: పేర్లు బాగున్నాయి, ప్రవర్తనే మారాలి

ఇంజినీరింగ్ కాలేజీలో డీబీఎంఎస్ (డేటాబేస్) ల్యాబ్ చూసుకుంటాను. ప్రతి సిస్టమ్‌లోనూ వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్), అందులో ఉబుంటు లినక్స్, దాని మీద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. ఈ సాఫ్ట్‌వేర్ గురించి రాసేవాళ్లు స్పీడు, గ్రాఫిక్స్ గురించే రాస్తారు. నాకు మాత్రం బెల్ కొట్టగానే పిల్లలంతా ఒక్కసారిగా ఇంటూ గుర్తు నొక్కితే వచ్చే ఆ చిన్న బాక్సే ముఖ్యం.

అందులో ప్రధానంగా మూడు ఆప్షన్లు: మెషీన్ స్టేట్ సేవ్ చెయ్యడం (ఉన్నది ఉన్నట్టు దాచి ఆపడం), షట్‌డౌన్ సిగ్నల్ పంపడం, పవర్ ఆఫ్ చెయ్యడం. ‘సిగ్నల్ పంపడం’ అని పెట్టిన వాళ్లను మెచ్చుకోవాలి, ఎందుకంటే జరిగేది అంతే. కంప్యూటర్ పవర్ బటన్ నొక్కినట్టు (ఏసీపీఐ సిగ్నల్ అంటారు) లోపలి ఓఎస్‌కు కబురు వెళ్తుంది. సర్వీసులు ఆపుకోవడం, డేటా డిస్కుకు రాసుకోవడం ఇక దాని పని. పవర్ ఆఫ్ అంటే కరెంటు వైరు పీకెయ్యడమే.

నాకు అస్సలు నచ్చనిది, కిందటిసారి ఎంచుకున్నదాన్ని ఈ బాక్స్ గుర్తుపెట్టుకోవడం. ఎవరో తొందరలో ఒకసారి పవర్ ఆఫ్ కొట్టారంటే, మళ్లీ మూసేటప్పుడు అదే ముందుగా సెలెక్ట్ అయి ఉంటుంది. బస్సు టైమైన పిల్లలు చదవరు, ఎంటర్ కొట్టి లేస్తారు. మైఎస్‌క్యూఎల్‌లో కమిట్ అయిన (ఖరారైన) డేటాను, దాని స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ, మార్పులు రాసిపెట్టుకునే రీడో లాగ్ చూసి మామూలుగా నిలబెట్టేస్తుంది. కానీ అప్పుడే సేవ్ చేసిన ఎస్‌క్యూఎల్ ఫైల్ సంగతి? లినక్స్ దాన్ని కొన్ని సెకన్లు మెమరీలోనే ఉంచుతుంది. ఈలోగా పవర్ ఆఫ్ పడితే ఆ పూట రాసిన క్వెరీలు పోయినట్టే. పోగొట్టుకున్న పిల్లల ముఖాలు చూస్తే చాలా బాధేస్తుంది. ఇలాంటి ఆప్షన్ ఎప్పుడూ తనంతట తాను ముందుకు రాకూడదు.

సిగ్నల్ పంపాక బాక్స్ మాయమైపోతుంది. గెస్ట్ (లోపలి ఓఎస్) విన్నదా, ఆగుతోందా, ఎంతసేపు చూడాలి, ఏమీ చెప్పదు. మనిషి ఓపిక నశించి మళ్లీ ఇంటూ నొక్కి ఈసారి పవర్ ఆఫ్ ఎంచుకుంటాడు. ‘గెస్ట్ ఆగే వరకు చూస్తున్నాం’ అని ఒక్క లైను కనిపిస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ అర మార్కు, పవర్ ఆఫ్‌ను దాచే సదుపాయానికి. వర్చువల్‌బాక్స్ కమాండ్ టూల్ వీబాక్స్‌మేనేజ్‌లో సెట్‌ఎక్స్‌ట్రాడేటా కమాండ్‌తో ‘రెస్ట్రిక్టెడ్ క్లోజ్ యాక్షన్స్’ సెట్ చేస్తే, ఆ బాక్స్‌లో పిల్లలకు అది కనిపించదు. మెషీన్ నిజంగా బిగుసుకుపోతే ల్యాబ్ ఇన్‌ఛార్జ్ టెర్మినల్ నుంచి అదే టూల్‌లోని కంట్రోల్‌వీఎం కమాండ్‌తో ఆపుకోవచ్చు. ల్యాబుల్లో వాడేవాళ్లు మొదటి రోజే ఈ సెట్టింగ్ పెట్టుకోండి.