సూర్యారావుపేట స్కిన్ క్లినిక్‌లో మావాడి మొటిమల వైద్యం

మావాడు ఇంటర్ ఫస్టియర్. ముఖం నిండా చీముగడ్డలు, పొద్దున లేస్తే దిండు గలీబు మీద రక్తపు మరకలు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే వారం తగ్గి, ఆపగానే రెట్టింపయ్యాయి. విజయవాడ సూర్యారావుపేటలోని ఈ క్లినిక్‌లో డాక్టరమ్మ ఆ ట్యూబు తిరగేసి చూసి, "ఇది స్టెరాయిడ్ అమ్మా" అన్నారు.

ఐసోట్రెటినాయిన్ అనే మొటిమల మాత్ర మొదలుపెట్టే ముందే లివర్‌కీ, కొలెస్ట్రాల్‌కీ రక్త పరీక్షలు చేయించారు. మాత్ర కొంచెం కొవ్వున్న భోజనంతో వేయాలట. మా ఇంట్లో ముద్దపప్పు, నెయ్యి ఎలాగూ ఉంటాయి. మొదట్లో మొటిమలు ఇంకా పెరగొచ్చని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మూడో వారంలో నేనే మాన్పించేసేదాన్ని. పెదాలు పగిలి, ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోలేక వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇప్పుడు జేబులో ఎప్పుడూ వాజలీన్ డబ్బా.

వాణ్ణి విడిగా కూర్చోబెట్టి నిద్ర, దిగులు గురించి అడగడం నాకు బాగా నచ్చింది. మాటలు తగ్గించి ముభావంగా ఉంటే ఆలస్యం చేయకుండా ఫోన్ చేయమన్నారు. "రోజూ వాడి మొహం చూసి మొటిమలు లెక్కపెట్టకండి" అని నాకూ ఒకటి తగిలించారు. నేను చేసేది సరిగ్గా అదే!

లోటల్లా వెయిటింగే. ఆరింటికి అపాయింట్‌మెంట్ ఇచ్చి ఎనిమిదిన్నరకు పిలుస్తారు. ఫ్యాను కింద కుర్చీ దొరికితే అదృష్టం.

ఇది ఐదో నెల. మొన్న బీసెంట్ రోడ్డులో చొక్కా కొంటూ అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు.