నిమిషానికోసారి ఆరిపోయే బాయిలర్: వేలంట్ ఎకోటెక్ ప్లస్ 832 సమీక్ష

బ్రిటన్‌లో మూడు బెడ్‌రూముల ఇంటికి ఈ కాంబీ బాయిలర్‌ని (కుళాయికి వేన్నీళ్లు, గదుల రేడియేటర్లకు వేడి రెండూ ఇచ్చే గ్యాస్ బాయిలర్) ఎందుకు పెడతారో చెప్పడం తేలికే. వేన్నీళ్ల కుళాయి తిప్పితే 32 కిలోవాట్ల మంట లేస్తుంది. చన్నీళ్లను 35 డిగ్రీలు వేడెక్కించి నిమిషానికి 13 లీటర్లు ఇస్తుంది. స్నానాలకు ఢోకా లేదు. చిక్కంతా రేడియేటర్ల దగ్గర వస్తుంది. బర్నర్ వెలుగుతుంది, నిమిషం తిరక్కుండానే ఆరిపోతుంది, కాసేపటికి మళ్లీ వెలుగుతుంది. గీజర్ అలవాటున్న మనవాళ్లు, థర్మోస్టాట్ కట్ అవుతోందిలే అని వదిలేస్తారు. ఇక్కడ అలా వదిలేయకూడదు. వెలిగిన ప్రతిసారీ ఫ్యాన్, ఇగ్నిషన్, గ్యాస్ వాల్వ్ మూడింటికీ పని పడుతుంది, గ్యాసూ వృథా.

ముందు లెక్క చూడాలి. బయట మైనస్ 2, లోపల 20 ఉన్నప్పుడు ఇంటికి 5 కిలోవాట్ల వేడి కావాలనుకుందాం. బయట 10 డిగ్రీలున్న రోజు అదే ఇంటికి రెండుంబావు చాలు. బాయిలర్ ఎంత తగ్గించుకున్నా 6 కిలోవాట్ల కిందికి దిగలేదనుకుంటే (మీ బాయిలర్ అసలు అంకె డేటా ప్లేటు మీద ఉంటుంది), ఇక ఆగి ఆగి వెలగక తప్పదు. చెంబెడు నీళ్ల కింద పెళ్లివంటల పొయ్యి పెట్టినట్టు. ఇది రిపేరుతో పోయేది కాదు. కానీ పది, పదిహేను నిమిషాలకోసారి వెలగడం వేరు, రెండు నిమిషాలకోసారి వెలగడం వేరు. మొదటిది మామూలే, రెండోదాన్ని పట్టించుకోవాలి.

ఈ బాయిలర్‌లో మాకు బాగా నచ్చింది, లోపల ఏం జరుగుతోందో దాచకుండా చూపించడం. డిస్‌ప్లే కింద రెండు బటన్లున్న తరంలో మెనూలోకి వెళ్లి లైవ్ మానిటర్ తెరవండి. బర్నర్ ఆరిన క్షణంలో ఏ కోడ్ పడిందో రాసుకోండి. ఎస్.4 అంటే హీటింగ్‌కి బర్నర్ వెలుగుతోంది. ఎస్.7 అంటే బర్నర్ ఆగింది, పంపు మాత్రం ఇంకా తిరుగుతోంది. ఎస్.8 అంటే నీళ్లు అనుకున్న వేడి దాటాయి, మళ్లీ వెలగకుండా బాయిలర్ తనకు తానే విరామం ఇచ్చుకుంది. ఎస్.30 పడితే గోడ మీది థర్మోస్టాటే ఆపేసింది, బాయిలర్ జోలికి వెళ్లనక్కర్లేదు. థర్మోస్టాట్ రేడియేటర్ పక్కనో టీవీ వెనకో ఉందేమో చూడండి, బ్యాటరీలు మార్చండి. ఎస్.53 పడితే నీళ్లు సరిగా తిరగడం లేదు.

తర్వాత ఇన్‌స్టాలర్ లెవెల్‌లో కోడ్ 17 కొడితే డయాగ్నస్టిక్ అంకెలు కనిపిస్తాయి. డి.40 బాయిలర్ నుంచి బయటికి వెళ్లే నీటి వేడి, డి.41 తిరిగొచ్చే నీటి వేడి. బర్నర్ వెలగ్గానే ఒక నిమిషం ఈ రెంటినీ చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. డి.40 గబగబా 70కి ఎగబాకుతూ డి.41 చల్లగానే ఉండిపోతే ప్రవాహం లేదన్నమాట. మూసుకున్న వాల్వ్, గాలి, నల్లటి తుప్పు బురద, నీరసించిన పంపు, వీటిలో ఏదో ఒకటి. రెండూ ఐదారు డిగ్రీల తేడాతో జంటగా పైకి పోతుంటే ప్రవాహం బాగానే ఉంది, వేడిని తీసుకునేవాళ్లే లేరు. గదుల వాల్వులు మూసేసుకుని కూర్చుంటే జరిగేది ఇదే.

గ్యాస్ ఆదా అవుతుందని మూడు గదుల రేడియేటర్లు కట్టేయడం మన ఇళ్లలో ఎక్కువ. కేటలాగ్ లెక్క ప్రకారం మొత్తం 8 కిలోవాట్ల రేడియేటర్లున్నాయనుకోండి. ఆ అంకె రేడియేటర్ సగటు వేడి గదికంటే 50 డిగ్రీలు ఎక్కువున్నప్పటిది. వెళ్లే నీళ్లు 65, వచ్చేవి 55 అయితే అవి ఇచ్చేది 6 కిలోవాట్లే. 55, 45 అయితే 4 దాకా. అందుకే ఫ్లో వేడి, అంటే బాయిలర్ నుంచి వెళ్లే నీటి వేడి, తగ్గిస్తే ఆగి వెలగడం పోతుందన్న మాట నిజం కాదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. అయినా తగ్గించమనే మేం చెబుతాం. తిరిగొచ్చే నీళ్లు 55 లోపు ఉంటేనే పొగలోని ఆవిరి నీరై ఆ వేడి దక్కుతుంది, కండెన్సింగ్ బాయిలర్ కొన్నదే అందుకు. ఫ్లో 55కి పెట్టి, రేడియేటర్లన్నీ తెరిచి ఉంచండి. మూడు కట్టేస్తే ఆ 4 కిలోవాట్లు ఇంకా పడిపోతాయి.

సెట్టింగుల్లో ముఖ్యమైనవి రెండు. డి.0 హీటింగ్‌కి వాడే గరిష్ఠ శక్తి. ఫ్యాక్టరీ నుంచి ‘ఆటో’ సెట్టింగ్‌తో వస్తుంది, చాలామంది అలాగే వదిలేస్తారు. రేడియేటర్ల మొత్తానికి దగ్గరగా, మన ఉదాహరణలో 8కి, దింపితే వెలిగిన వెంటనే వేడి ఎగదన్నడం తగ్గుతుంది. వేన్నీళ్ల 32 కిలోవాట్లకు దీనివల్ల ఏమీ కాదు. డి.2 విరామం పొడవు, మామూలుగా 20 నిమిషాలు. అది నీళ్లు 20 డిగ్రీలున్నప్పటి లెక్క, వేడి పెరిగేకొద్దీ తగ్గి 2 నిమిషాలకు చేరుతుంది. కాబట్టి ఫ్లో 75లో పెట్టి డి.2ని ఎంత పెంచినా ఆట్టే ఫలితం కనిపించదు. 55లో ఉంటే 30కి పెంచి ఒక రోజు గమనించండి. గది చల్లబడితే వెనక్కి తెండి.

బురద పడితే, దాన్ని అయస్కాంతంతో పట్టే మాగ్నెటిక్ ఫిల్టర్ శుభ్రం చేయించి, ఇన్‌హిబిటర్ (తుప్పు పట్టకుండా ఆపే మందు) మళ్లీ పోయించాలి, సాధారణంగా 100 లీటర్ల నీటికి లీటరు. రేడియేటర్లలో చిక్కిన గాలి తీసేటప్పుడు హీటింగ్ ఆపి, రేడియేటర్ చల్లబడ్డాకే కీ తిప్పండి. తర్వాత ప్రెషర్‌ని 1 నుంచి 1.5 బార్ మధ్యకి తెచ్చుకోండి. బాయిలర్ మూత మాత్రం విప్పొద్దు, అది గ్యాస్ సేఫ్ అనే బ్రిటన్ గ్యాస్ మెకానిక్‌ల రిజిస్టర్‌లో నమోదైనవాళ్ల పని. వెలగబోయి ఎఫ్.28 చూపిస్తూ ఆగిపోతే పైన చెప్పినవేవీ పనికిరావు, వాళ్లనే పిలవండి.

మాకు నచ్చనిది కంట్రోల్ సంగతి. ఇది కంట్రోలర్‌తో ఈబస్ అనే భాషలోనే మాట్లాడుతుంది, ఓపెన్‌థర్మ్ అనే మరో భాష నేరుగా తెలియదు. నెస్ట్, హైవ్ లాంటి స్మార్ట్ థర్మోస్టాట్లు తగిలిస్తే స్విచ్‌లాగే పనిచేస్తాయి, మంటను గదికి తగ్గట్టు తగ్గించలేవు. వేలంట్ సొంత కంట్రోలర్‌ని, బయటి వేడి కొలిచే సెన్సర్‌తో కలిపి పెట్టిస్తే ఈ బాయిలర్ పనితనం కనిపిస్తుంది. ఒకే బాత్‌రూమున్న చిన్న ఇంటికైతే 832 వద్దు, 825 చాలు. కొనేముందు ఇన్‌స్టాలర్‌ని గరిష్ఠం కాదు, కనిష్ఠ ఔట్‌పుట్ ఎంతో అడిగి, కొటేషన్ మీద రాయించుకోండి.