వాషింగ్ మెషీన్ వాసనకు ఏది మేలు: వెనిగరా, నిమ్మ ఉప్పా, బ్లీచా?

ఉతికి ఆరేసిన టవల్ కూడా ముక్క వాసన కొడుతుంటే చాలా ఇళ్లలో ముందు సర్ఫ్ మారుస్తారు. తర్వాత సువాసన లిక్విడ్ ఇంకో మూత ఎక్కువ పోస్తారు. అప్పటికీ పోకపోతే ఏదో వీడియో చూసి వెనిగర్ సీసా కొంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బోరు నీళ్లతో గార కట్టిన మెషీన్‌కు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) మేలు. జిగట పాచి పట్టిన మెషీన్‌కు బ్లీచ్ మేలు. అందరూ చెప్పే వెనిగర్ ఈ రెంటిలో దేనికీ సరిపోదు.

అసలు వాసన పుట్టేది మనకు కనిపించే డ్రమ్ములో కాదు, దాని వెనక వైపు. ఒంటి జిడ్డు, చెమట, పూర్తిగా కరగని సర్ఫ్, సువాసన లిక్విడ్‌లో ఉండే కొవ్వు పదార్థం, ఇవన్నీ డ్రమ్ముకూ బయటి టబ్బుకూ మధ్య పూతలా పేరుకుంటాయి. ఆ పూత మీద బ్యాక్టీరియా, బూజు కాపురం పెడతాయి. అందుకే లిక్విడ్ ఎక్కువ పోసిన కొద్దీ వాటికి మేత పెరుగుతుంది. ఉతికిన బట్టల ముక్క వాసనకు మొరాక్సెల్లా ఓస్లోఎన్సిస్ అనే బ్యాక్టీరియా ముఖ్య కారణమని 2012లో జపాన్ పరిశోధకులు తేల్చారు. అది ఉతుకును తట్టుకుని బట్టలోనే ఉండిపోతుంది, తడి దొరకగానే మళ్లీ పెరుగుతుంది. వానాకాలంలో ఇంట్లో దండెం మీద ఆరిన బట్టలు ఎక్కువ వాసన వేసేది ఇందుకే.

దీనికి తోడు గట్టి నీళ్లు, అంటే కాల్షియం లాంటి లవణాలు ఎక్కువున్న నీళ్లు. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేకపోతే 600 దాకా సరేనని మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం. బోరు మీద ఆధారపడే ఎన్నో అపార్ట్‌మెంట్లలో 200 దాటడం మామూలే. అలాంటి నీళ్లలో నురగ రాదు కాబట్టి ఇంకో చెంచా సర్ఫ్ వేస్తాం. అదీ, నీళ్లలోని కాల్షియమూ కలిసి తెల్లటి గార కడతాయి. గార గరుకుగా ఉంటుంది, పాచికి మంచి పట్టు దొరుకుతుంది.

మీ మెషీన్‌లో ఏది ఎక్కువో తెలుసుకోవడం తేలిక. సర్ఫ్ వేసే ట్రేని బయటికి లాగి, అంటుకున్న సర్ఫ్ కడిగేసి చూడండి. మూలల్లో తెల్లగా గట్టిగా ఉన్నదాని మీద రెండు చుక్కలు నిమ్మరసం పిండండి. సన్నగా బుడగలు వస్తే అది గార. బుడగలు రాకుండా వేలికి జారుడుగా, బూడిద రంగులోనో నల్లగానో అంటుకుంటే అది పాచి.

ఇప్పుడు వెనిగర్ సంగతి. కిరాణా కొట్టులో దొరికే వెనిగర్‌లో ఆమ్లం 4 నుంచి 5 శాతం. ఒక కప్పు, అంటే 250 మిల్లీలీటర్లు పోస్తే అందులో అసలు ఆమ్లం మహా అయితే 12 గ్రాముల చిల్లర. అది 15 లీటర్ల నీళ్లలో కలిశాక 0.1 శాతం కూడా ఉండదు. అదే 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేస్తే గారను కరిగించే శక్తి దానికి ఏడింతలు. వెనిగర్‌తో అంత పని చేయించాలంటే సుమారు రెండు లీటర్లు పోయాలి. అన్ని సీసాలు ఎవరు కొంటారు? పైగా ఇల్లంతా ఆ పులుపు ఘాటు. తరచూ వెనిగర్ వాడితే రబ్బరు పాడవుతుందని కొన్ని కంపెనీలు వద్దంటాయి కూడా.

వంటసోడా వాసనను కొంత పీల్చుకుంటుంది, ట్రేనీ తలుపు రబ్బరునూ రుద్దడానికి పనికొస్తుంది, అంతకు మించి ఏమీ లేదు. వెనిగరూ వంటసోడా కలిపి పోయమనే చిట్కాను మాత్రం నమ్మకండి. ఆ పొంగు చూడ్డానికి బాగుంటుంది కానీ, పుల్లనిదీ క్షారమూ ఒకదాన్నొకటి విరిచేసుకుని చివరికి మిగిలేది కాస్త ఉప్పు నీళ్లు, గాలి. రెండు వస్తువుల బలమూ వృథా.

నిమ్మ ఉప్పు బోరు నీళ్ల ఇళ్లకు సరైన మందు. కంపెనీ పేరుతో అమ్మే డీస్కేలింగ్ (గార తీసే) పౌడర్లలో చాలావాటిలో ముఖ్యమైన సరుకు ఇదే. విడిగా కిలో లెక్కన కొంటే చాలా చవక. ఖాళీ డ్రమ్ములో 100 గ్రాములు వేసి, ఫ్రంట్ లోడ్ అయితే 60 డిగ్రీల వేడి ప్రోగ్రాం పెట్టండి. హీటరు మీద గార కూడా కరుగుతుంది. దీని లోపం ఒకటే: గార పోతుంది, పాచి మాత్రం పూర్తిగా చావదు.

పాచికి బ్లీచే. ఇందులో రెండు రకాలు. ఒకటి తెల్ల బట్టలకు వాడే క్లోరిన్ లిక్విడ్, అంటే సోడియం హైపోక్లోరైట్. ఒక టీ గ్లాసు, 100 మిల్లీలీటర్లు ఫ్రంట్ లోడ్‌కు చాలు. నీళ్లు ఎక్కువ పట్టే టాప్ లోడ్‌కు రెండు గ్లాసులు పోయవచ్చు. చన్నీళ్లతోనే నడపాలి, వేడి చేస్తే మందు బలం తగ్గి ఘాటు పెరుగుతుంది. రాత్రంతా నానబెట్టకూడదు, స్టీలు డ్రమ్ముకు చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. అయ్యాక ఒకసారి ఉత్త నీళ్లతో నడిపి, తర్వాతి విడతలో రంగు చీరలు కాకుండా పాత తువ్వాళ్లో కాళ్లు తుడుచుకునే పట్టాలో వేయండి. పంచాయతీ వాళ్లు చల్లే బ్లీచింగ్ పౌడర్ మాత్రం వద్దు. అందులోని సున్నం పూర్తిగా కరగదు, మెషీన్‌లో అడుగున చేరుతుంది.

రెండోది ఆక్సిజన్ బ్లీచ్, సోడియం పర్‌కార్బొనేట్. మరకలు తీసే పౌడర్లలో ఉండేది ఇదే. ఘాటు లేదు, రంగు బట్టల టెన్షన్ తక్కువ. కానీ దీనికి వేడి కావాలి. 40 డిగ్రీల లోపు నీరసంగా పని చేస్తుంది, 60 దగ్గర చురుకవుతుంది. హీటరున్న ఫ్రంట్ లోడ్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న పిల్లలో ఉబ్బసం ఉన్నవాళ్లో ఉంటే క్లోరిన్ జోలికి పోకుండా దీన్నే ఎంచుకోవడం మంచిది. హీటరు లేని టాప్ లోడ్, సెమీ ఆటోమేటిక్ వాళ్లకు క్లోరినే ఎక్కువ ఉపయోగం. లేదంటే గీజరు నీళ్లు బకెట్లతో పోసుకోవాలి. మరుగుతున్న నీళ్లు పోయకండి, ప్లాస్టిక్ భాగాలు వంకరపోతాయి.

గార, పాచి రెండూ ఉంటే ముందు నిమ్మ ఉప్పు, తర్వాత బ్లీచ్. గార పోతేనే దాని సందుల్లో దాక్కున్న పాచికి మందు తగులుతుంది. ఈ రెండింటి మధ్య కనీసం ఒక విడత బట్టలు ఉతకండి. క్లోరిన్ బ్లీచ్ నిమ్మ ఉప్పుతోనో వెనిగర్‌తోనో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. మూసి ఉన్న బాత్‌రూంలో ఇది ప్రాణాల మీదకు తెస్తుంది. బట్టలుతికే పని చేసే అమ్మాయికి కూడా ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఏ మందు వేసినా చేత్తో చేయాల్సిన పని మిగిలే ఉంటుంది. ఫ్రంట్ లోడ్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతను వేళ్లతో విప్పి చూడండి. కింది మడతలో ఓ జడ పిన్ను, రూపాయి బిళ్ల, వెంట్రుకలు చుట్టుకున్న నల్లటి జిగురు, కాసిన్ని నిలవ నీళ్లు. తరచూ వాసనకు ఆ గుప్పెడు మురికి కూడా కారణమే. కింద మూలనున్న చిన్న మూత వెనక డ్రెయిన్ ఫిల్టర్ ఉంటుంది. ఒక పళ్లెం పెట్టుకుని నెమ్మదిగా తిప్పితే చిక్కటి నీళ్లు కారతాయి. మెషీన్ ఆగి ఉన్నప్పుడు మురుగు కంపు వస్తుంటే తప్పు మెషీన్‌ది కాకపోవచ్చు. నీళ్లు పోయే జాలీ కింద ట్రాప్ (నీళ్లు నిలిచి మురుగు గాలిని ఆపే వంపు) ఎండిపోతే డ్రైనేజీ గాలి పైపులోంచి లోపలికి ఎక్కుతుంది. ఓ మగ్గు నీళ్లు పోసి చూడండి.

ఉతుకు అయ్యాక బట్టలు వెంటనే తీసి, తలుపునూ ట్రేనూ తెరిచి ఉంచితే ఏ మందైనా ఎక్కువ కాలం పనిచేస్తుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో మాత్రం తలుపు బార్లా తీసి పెట్టకండి. డ్రమ్ము లోపల తుడిచి కాస్తంత సందు ఉంచండి, అది కూడా ఎవరో ఒకరు చూస్తుండగానే.

రెండు మందులూ వరసగా వాడినా వాసన తగ్గకపోతే మెకానిక్‌ను పిలవాల్సిందే. టాప్ లోడ్ అయితే అడుగున తిరిగే చక్రాన్ని విప్పి కింద కడగమనండి, కొన్ని మోడళ్లలో అది ఒక్క స్క్రూతో వచ్చేస్తుంది. ఫ్రంట్ లోడ్‌లో డ్రమ్ము బయటికి తీయడం పెద్ద పని, కూలీ ఎంతో ముందే మాట్లాడుకోండి. తీసిన డ్రమ్మును మీ ముందే కడగమని అడగండి.