లక్షన్నర కిలోమీటర్లు దాటిన టర్బో కారుకు టైమింగ్ చైన్ మార్పించాక

శబ్దం పోతుందని చైన్ మార్పించాను. శబ్దం పోయింది సరే, సుంకి ఘాట్‌లో పోయిన మూడో గేరు తిరిగొచ్చింది. ఇది రాయడానికి అసలు కారణం ఆ సంతోషమే.

మాది ఒడిశాలోని సెమిలిగుడ. పనుల మీద సాలూరు, విజయనగరం దిగుతూనే ఉంటాను, కాబట్టి పొట్టంగి దాటాక ఆ ఘాట్ తప్పదు. బండి 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, మాన్యువల్. కొత్తలో లోడు లారీల వెనక నెమ్మదించినా మూడో గేరులోనే ఎత్తుకుని పోయేది. పోనుపోను అవే మలుపుల్లో రెండో గేరు వేస్తే గానీ కదలనంది. టర్బో పనైపోయిందని ఒకరు, క్లచ్ అని ఇంకొకరు అన్నారు.

మా వైపు చలి గట్టిగానే ఉంటుంది. రాత్రంతా బయట ఉన్న బండికి పొద్దున్నే సెల్ఫ్ కొడితే రెండు మూడు సెకన్లు గరగరమనేది, తర్వాత ఏమీ ఎరగనట్టు నడిచేది. పిస్టన్లతో తిరిగే క్రాంకుకు జతగా, వాల్వులు తెరిచి మూసే క్యామ్‌ను లెక్క తప్పకుండా తిప్పేదే ఈ చైన్. దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌ను నొక్కి పట్టి ఉంచేది ఆయిల్ ప్రెషర్. రాత్రి ఆయిల్ కిందికి దిగిపోతే, మళ్లీ ప్రెషర్ ఎక్కేదాకా అరిగిన చైన్ వదులుగా కొట్టుకుంటుంది. కొన్నాళ్లకు చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్‌లో పీ0016 పడింది. అంటే క్రాంకుకీ క్యామ్‌కీ పొంతన తప్పిందని.

జయపురంలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన సునాబెడ హెచ్‌ఏఎల్‌లో విమాన ఇంజిన్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. "చైన్ పళ్లు దాటిందంటే వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి బాబూ, ఇక ఇంజినే దింపాలి" అన్నారు.

విప్పాక పాత చైన్‌నూ కొత్తదాన్నీ ఒకే మేకుకు వేలాడదీశారు. పాతది అడుగున కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది. చైన్ సాగిందంటాం గానీ ఇనుమేమీ సాగదు. ఒక్కో లింకులో పిన్నూ, అది తిరిగే చోటూ కాస్త కాస్త అరుగుతాయి. ఆ అరుగుదలంతా కలిసి పొడవవుతుంది. ఆ మేరకు క్యామ్ వెనకబడి, ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. తక్కువ ఆర్‌పీఎంలో సిలిండర్‌లోకి వచ్చిన గాలి కొంత వెనక్కి పోతుంది. నా మూడో గేరు పోయింది అక్కడే!

చైన్‌తో పాటు టెన్షనర్, గైడులు, క్రాంక్ బోల్టు కూడా మార్చారు. చైన్‌లోని రంగు లింకులు పళ్లచక్రాల మీది గుర్తులతో కలిపాక కూడా ఆయన సెల్ఫ్ ముట్టుకోనివ్వలేదు. రెంచి పెట్టి క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాకే తాళం నా చేతికిచ్చారు. ఆ ఓపికకే సగం డబ్బు ఇవ్వొచ్చు.

మార్పించి పాతిక వేల కిలోమీటర్లు పైనే తిరిగాను. శబ్దం లేదు, కోడ్ మళ్లీ పడలేదు. కాకపోతే మూడో గేరు గురించి నేను చెప్పే గొప్ప ఒకరిద్దరం ఉన్నప్పటి మాట. ఐదుగురం ఎక్కి డిక్కీ నింపితే మలుపుల్లో ఇప్పటికీ రెండో గేరే. మైలేజీలో తేడా ఏమీ రాలేదు. వానాకాలంలో ముందు కవరు అంచున ఆయిల్ చమర్చింది. సీలెంట్ మళ్లీ వేయడానికి పుల్లీ, కవరు మళ్లీ విప్పాల్సి వచ్చింది.

పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో మసి ఆయిల్‌లో కలిసి పిన్నులను అరగదీస్తుంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఇంజిన్ ఆయిల్ గ్రేడుకు చైన్ అరుగుదల పరీక్ష కూడా పెట్టారు. కంపెనీ చెప్పిన గ్రేడుతో పాటు డబ్బా మీద అది కూడా చూసి కొంటున్నాను, 8 వేల కిలోమీటర్లకే ఆయిల్ మార్పిస్తున్నాను.

మొత్తం ఖర్చు రూ.60 వేలు దాటింది. ఈ వయసు బండికి అది ఎక్కువే. నాకు ఘాట్ ఉంది, బండి మీద మమకారం ఉంది, పని తెలిసిన మనిషి దగ్గర్లో దొరికారు. విశాఖ ట్రాఫిక్‌లో నడిపేవాళ్లకు పికప్ తేడా ఇంతగా తెలియకపోవచ్చు. పొద్దుటి గరగర వినిపిస్తుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. శబ్దమూ కోడూ ఏమీ లేకుండా కిలోమీటర్లు ఎక్కువయ్యాయని మాత్రమే అయితే, విప్పించే ముందు స్కానర్‌లో క్యామ్ ఎంత వెనకబడిందో చూపించుకోండి.